నోస్క్రిప్ట్ రివ్యూ: కాపలా గట్టిదే, పర్మిషన్లే ఒక పట్టాన అర్థం కావు

నోస్క్రిప్ట్ వాడాలా వద్దా అంటే వాడండి అనే చెప్తాను. ఆ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే కింద రాసేదాంట్లో చాలావరకు కంప్లైంట్లే ఉంటాయి, అవి చదివి ఎవరైనా తీసేస్తే నాకు బాధగా ఉంటుంది. బ్రౌజర్లో స్క్రిప్టులు (పేజీలు మన కంప్యూటర్లో నడిపే చిన్న ప్రోగ్రాములు) ఆపే ఎక్స్‌టెన్షన్లలో ఇంత కాలంగా, ఇంత శ్రద్ధగా నడుస్తున్నవి చాలా తక్కువ. జోర్జో మావోనే అనే ఇటలీ డెవలపర్ దీన్ని 2005లో మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఆయనే చూసుకుంటున్నాడు. మనమెవరో తెలియకుండా నెట్ చూడడానికి వాడే టోర్ బ్రౌజర్ వాళ్ళు దీన్ని తమ బ్రౌజర్లోనే కలిపి ఇస్తారంటే పని విషయంలో అనుమానం అక్కర్లేదు. నా బాధంతా దాని పర్మిషన్ల గురించే. ఏ బటన్ నొక్కితే ఎవరికి ఏం ఇచ్చామో, అది ఎక్కడెక్కడ చెల్లుతుందో చూసిన వెంటనే తెలియాలి కదా, ఇందులో అది తెలీదు.

పాత రోజుల్లో, అంటే ఫైర్‌ఫాక్స్ 57 రాకముందు, దీనిది ఒక మామూలు మెనూ. ఐకాన్ నొక్కితే ఫలానా సైట్‌ని అనుమతించు, ఫలానా సైట్‌ని తాత్కాలికంగా అనుమతించు, అని వరసగా వాక్యాలే ఉండేవి, చదివి నొక్కడమే. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసి వెబ్‌ఎక్స్‌టెన్షన్లు అనే కొత్త పద్ధతివి మాత్రమే అని తేల్చేశాక నోస్క్రిప్ట్ కూడా మొత్తం తిరగరాసుకుని వెర్షన్ 10గా వచ్చింది, అప్పుడే ఈ బొమ్మల పాపప్ కూడా వచ్చింది. అప్పట్లో పాత వాడకందార్లు పెద్ద గోలే చేశారు. తర్వాత చాలా సర్దారు గానీ అసలు చిక్కు ఇంకా అలాగే ఉంది.

పాపప్ ఎలా ఉంటుందో చెప్తాను, వాడనివాళ్ళకి కూడా అర్థమవుతుంది. ఒక పేజీ తెరిచి ఐకాన్ నొక్కితే ఆ పేజీ ఏయే డొమైన్ల (సైట్ అడ్రస్‌ల) నుంచి సరుకు తెచ్చుకుంటుందో ఆ డొమైన్లన్నీ వరసగా వస్తాయి, అన్నిటికన్నా పైన మీరున్న సైట్, దాని కింద మిగతావి. ఒక్కో వరసకి అయిదు స్థాయిలు: డిఫాల్ట్, టెంపరరీ ట్రస్టెడ్, ట్రస్టెడ్, అన్‌ట్రస్టెడ్, కస్టమ్. వార్తల సైటో షాపింగ్ సైటో తెరిస్తే ఇలాంటి వరసలు పది దాటడం మామూలే, అందులో బొమ్మలు పంపేదొకటి, ఫాంట్లు పంపేదొకటి, ప్రకటనలవి కొన్ని, మనం ఏం చూస్తున్నామో లెక్కలు కట్టేవి ఇంకొన్ని. ఏది లేకపోతే పేజీ పనిచేయదో చెప్పేవాళ్ళు లేరు. పేరు చూసి ఊహించుకోవాలి.

మొదట డిఫాల్ట్ సంగతి. చాలామంది డిఫాల్ట్ అంటే పూర్తిగా ఆపేసినట్టే అనుకుంటారు, అది నిజం కాదు. డిఫాల్ట్‌లో జావాస్క్రిప్ట్ నడవదు, అంతవరకు కరెక్టే, కానీ అన్ని రకాల సరుకూ ఆగిపోదు, కొన్నిటికి అనుమతి ఉంటుంది. పూర్తిగా తలుపు మూసేది అన్‌ట్రస్టెడ్. అంటే ఒక ట్రాకర్ (మనం ఏం చూస్తున్నామో లెక్కలు కట్టే) డొమైన్‌ని డిఫాల్ట్‌లో వదిలేయడం వేరు, అన్‌ట్రస్టెడ్‌లో పెట్టడం వేరు. ఈ తేడా పాపప్‌లో ఎక్కడా రాసి ఉండదు, ఆప్షన్స్‌లోకి వెళ్ళి జనరల్ ట్యాబ్‌లో ఒక్కో స్థాయినీ నొక్కి దాని కింద ఏయే టిక్కులు ఉన్నాయో చూస్తేనే తెలుస్తుంది. కొత్తవాళ్ళు ఇన్‌స్టాల్ చేసిన వెంటనే చేయాల్సిన మొదటి పని ఇదే అని నా అభిప్రాయం, కానీ అలా చేయమని ఎక్స్‌టెన్షన్ చెప్పదు.

ఇక అన్నిటికన్నా పెద్ద విషయం, ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా ఇదే. మీరు ఒక సైట్‌లో ఉండి వీడియో ఆడట్లేదని కింద వరసలో ఉన్న ఏదో ఒక డొమైన్‌ని ట్రస్టెడ్ చేశారనుకోండి, ఆ అనుమతి ఈ సైట్‌కి మాత్రమే అని ఎవరైనా అనుకుంటారు, పాపప్ ఈ పేజీ మీదే తెరుచుకుంది కాబట్టి అలా అనుకోవడం సహజం. కానీ ఆ అనుమతి ఆ డొమైన్‌కి, మీరున్న పేజీకి కాదు. రేపు ఇంకో సైట్ తెరిస్తే అక్కడ కూడా అదే డొమైన్ ఉంటే అది నిశ్శబ్దంగా నడిచిపోతుంది, ఎల్లుండి ఇంకో సైట్‌లో కూడా అంతే, మీరు తీసేదాకా ఎప్పటికీ అంతే. ఒక గదికి తాళం చెవి ఇచ్చామనుకుంటాం, నిజానికి అది వీధిలో ఉన్న ఇళ్ళన్నిటికీ పనిచేసే చెవి. పెద్ద పెద్ద సోషల్ మీడియా డొమైన్లు, ప్రకటనల డొమైన్లు లక్షల సైట్లలో ఉంటాయి కాబట్టి ఒక్క నొక్కుతో ఎంత ఇచ్చేస్తున్నామో ఆలోచించండి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. పాలీఫిల్ డాట్ ఐఓ అని ఒక డొమైన్ ఉండేది, పాత బ్రౌజర్లలో కొత్త ఫీచర్లు పనిచేసేలా చేసే చిన్న స్క్రిప్టులు ఇచ్చేది, చాలా ఉపయోగపడేది, అందరూ నమ్మేవాళ్ళు. 2024లో ఆ డొమైన్ చేతులు మారింది, అదే ఏడాది జూన్‌లో అక్కడి నుంచి వచ్చే స్క్రిప్టులో చెడ్డ కోడ్ కలిసి వస్తోందని బయటపడింది, దాన్ని వాడుతున్న సైట్లు లక్షకు పైనే. ఎప్పుడో ఒక పేజీ సరిగ్గా రావడం లేదని ఆ డొమైన్‌ని ట్రస్టెడ్ చేసి మర్చిపోయినవాళ్ళకి నోస్క్రిప్ట్ ఏం సాయం చేయగలదు? వాళ్ళు ఇచ్చిన అనుమతే అన్ని చోట్లా చెల్లుతుంది. డొమైన్ పేరు అదే, యజమాని వేరు. అందుకే అనుమతి ఎంత దూరం వెళ్తుందన్నది నొక్కే చోటే కనపడాలని నేను ఇంత గట్టిగా అంటున్నాను.

దీనికి మందు నోస్క్రిప్ట్‌లోనే ఉంది. ఇది తెలిశాక నాకు సంతోషం ఒకవైపు, కోపం ఒకవైపు వచ్చాయి. కస్టమ్ నొక్కితే టిక్కుల పెట్టె ఒకటి తెరుచుకుంటుంది, దాంట్లోనే ఈ అనుమతులు పైన ఏ పేజీ ఉన్నప్పుడు వర్తించాలి అని ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది, మామూలుగా ఏ సైట్ అయినా అని ఉంటుంది, దాన్ని మీరున్న సైట్‌కి మార్చి అప్పుడు టిక్కులు పెడితే ఆ డొమైన్ ఆ ఒక్క సైట్‌లోనే నడుస్తుంది, మిగతా చోట్ల మళ్ళీ ఆగిపోతుంది. నిజంగా మనకి కావల్సింది ఇదే, నూటికి తొంభై సార్లు మనం అనుకునేది కూడా ఇదే. అలాంటిదాన్ని కస్టమ్ లోపల డ్రాప్‌డౌన్‌లో దాచి, ప్రపంచమంతా చెల్లే ట్రస్టెడ్‌ని మాత్రం ఒక్క నొక్కుతో అయ్యేలా ఎదురుగా పెట్టారు. ఇది తలకిందులుగా ఉంది. ఒక్క సైట్‌కి అనుమతి అనేది తేలిగ్గా ఉండాలి, అన్నిటికీ అనుమతి అనేది కాస్త కష్టంగా ఉండాలి.

సరే, కస్టమ్ తెరిచారు, అక్కడ ఇంకో అడవి. స్క్రిప్ట్, ఆబ్జెక్ట్, మీడియా, ఫ్రేమ్, ఫాంట్, వెబ్‌జీఎల్, ఫెచ్, పింగ్, నోస్క్రిప్ట్, అన్‌రిస్ట్రిక్టెడ్ సీఎస్ఎస్, ల్యాన్, అదర్ లాంటి చిన్న చిన్న పేర్లతో టిక్కు పెట్టెలు, ఏదీ ఒక వాక్యం వివరణ లేకుండా. వెబ్ డెవలపర్లకి వీటిలో చాలావరకు తెలుస్తాయి, మామూలు మనిషికి ఎలా తెలుస్తాయి. నేను చూసి తెలుసుకున్నవి చెప్తాను. ఫ్రేమ్ అంటే పేజీలో ఇంకో పేజీని కిటికీలా పెట్టడం, వీడియో ప్లేయర్లు, పేమెంట్ ఫారాలు ఎక్కువగా ఇలాగే వస్తాయి. ఫెచ్ అంటే పేజీ తెరుచుకున్న తర్వాత వెనకాల నుంచి డేటా తెచ్చుకోవడం, కిందకి స్క్రోల్ చేస్తుంటే కొత్త పోస్టులు రావడం లాంటివి, స్క్రిప్ట్‌కి టిక్కు పెట్టినా పేజీ ఖాళీగానే ఉంటే చాలాసార్లు ఆగింది ఇదే. పింగ్ అంటే మీరు ఏ లింక్ నొక్కారో పక్కకి కబురు పంపడం, ఇది లేకపోయినా ఏ సైటూ చెడిపోగా నేను చూడలేదు కాబట్టి ఆపేసి ఉంచుకోవచ్చు. వెబ్‌జీఎల్ త్రీడీ బొమ్మలకి, మ్యాపులకి కావాలి, అదే మీ కంప్యూటర్ గ్రాఫిక్స్ వేలిముద్ర తీసుకుని దాన్నిబట్టి మిమ్మల్ని గుర్తుపట్టడానికి కూడా పనికొస్తుంది, కాబట్టి అడిగిన ప్రతివాళ్ళకీ ఇవ్వకండి.

లిస్టులో నోస్క్రిప్ట్ అనే టిక్కు చూసి ఇదేంటి ఎక్స్‌టెన్షన్ పేరే ఇక్కడ ఉంది, తీసేస్తే ఎక్స్‌టెన్షన్ ఆగిపోతుందా అని జనం భయపడతారు. ఏం కాదు. స్క్రిప్ట్ నడవనప్పుడు చూపించమని సైట్ రాసిపెట్టుకున్న ప్రత్యామ్నాయ భాగాన్ని చూపించాలా వద్దా అన్నదే అది. ల్యాన్ టిక్కు మాత్రం నిజంగా ముఖ్యం. టిక్కు పెడితే బయటి ఇంటర్నెట్ సైట్ మీ బ్రౌజర్ ద్వారా ఇంట్లో ఉన్న రూటర్‌నో ప్రింటర్‌నో తాకగలదు, పెట్టకపోతే ఆగిపోతుంది. పాత నోస్క్రిప్ట్‌లో ఈ పని ఏబీఈ అనే పెద్ద రూల్స్ వ్యవస్థ చేసేది, ఇప్పుడు ఒక టిక్కుకి కుదించారు, పనిగా చూస్తే మెరుగే, కానీ ఆ మూడక్షరాల వెనక ఇంత కథ ఉందని ఎవరికి తెలుస్తుంది? టిక్కు మీద మౌస్ పెడితే రెండు లైన్లు వచ్చినా సరిపోయేది.

ఒక మంచి విషయం చెప్పాలి ఇక్కడ. పేజీ ఏదైతే అడిగిందో ఆ టిక్కు వెనక రంగు మారి ఉంటుంది, అంటే అన్ని పెట్టెల్లో ఈ డొమైన్‌కి నిజంగా కావల్సినవి ఏవో చూపిస్తుంది. ఇది గమనించినవాళ్ళకి కస్టమ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, రంగు ఉన్నవాటిలోంచే ఎంచుకోవడం, మిగతావి ముట్టుకోకపోవడం. నాకు ఈ ఎక్స్‌టెన్షన్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇప్పుడు అనుమతి ఎంతసేపు ఉంటుందన్న సంగతి. టెంపరరీ ట్రస్టెడ్ ఇస్తే అది ట్యాబ్ మూసేస్తే పోతుందని అనుకుంటారు, పోదు, బ్రౌజర్ మొత్తం మూసేదాకా ఉంటుంది, లేదా మీరే పాపప్‌లో తాత్కాలిక అనుమతులు రద్దు చేసే బటన్ నొక్కాలి. బ్రౌజర్‌ని వారాల తరబడి మూయకుండా ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టేవాళ్ళకి టెంపరరీ అంటే దాదాపు పర్మనెంటే. అదే పాపప్‌లో ఈ ట్యాబ్‌కి ఆంక్షలు తీసేయి అని ఇంకో బటన్ ఉంది, అది నిజంగానే ఆ ట్యాబ్‌కే, ట్యాబ్ మూస్తే అయిపోతుంది, కానీ అది ఆ ట్యాబ్‌లో అన్నిటికీ తలుపు తీసేస్తుంది. దాని పక్కనే అన్ని చోట్లా ఆంక్షలు తీసేయి అనే బటన్ కూడా, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి రెండూ. ఒకటి ఒక్క ట్యాబ్‌కి, ఇంకోటి ఎక్స్‌టెన్షన్ ఉన్నా లేనట్టే చేసేది, వీటిని పక్కపక్కన ఒకే సైజు బొమ్మలుగా పెట్టడం అస్సలు బాలేదు. అన్ని చోట్లా తీసేసేదాన్ని ఆప్షన్స్ లోపలికి పంపేయాలి, పాపప్‌లో దానికి పని లేదు.

డబ్బు కట్టే పేజీల దగ్గర ఈ గందరగోళం మరీ ఎక్కువ. కార్డ్ నంబర్ కొట్టి ముందుకు వెళ్తే సైట్ మిమ్మల్ని పేమెంట్ గేట్‌వే డొమైన్‌కి పంపుతుంది, అది కార్డ్ ఇచ్చిన బ్యాంక్ ఓటీపీ పేజీని ఫ్రేమ్‌లో తెరుస్తుంది, బ్యాంక్ పేజీ ఇంకెవరి దగ్గరో హోస్ట్ అయి ఉంటుంది, ఇలా ప్రతి మెట్టులో కొత్త డొమైన్. ఒక డొమైన్‌కి అనుమతి ఇచ్చి పేజీ రీలోడ్ అయితేనే దాని వెనకాల ఉన్న తర్వాతి డొమైన్ బయటికి కనపడుతుంది, మళ్ళీ అనుమతి, మళ్ళీ రీలోడ్. ఈ రీలోడ్‌లలో ఫారంలో నింపిందంతా పోవడం, ఓటీపీ టైం అయిపోవడం, ఒక్కోసారి డబ్బు కట్టయిందో లేదో తెలియకుండా మధ్యలో నిలబడడం, ఇవన్నీ స్క్రిప్ట్ ఆపే ఏ ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్ళకైనా తెలిసిన బాధలే. తప్పు పూర్తిగా నోస్క్రిప్ట్‌ది కాదు, సైట్లు కట్టిన తీరే అంత. నేనిచ్చే సలహా ఒకటే, డబ్బు పనులకి ఒక వేరే బ్రౌజర్ ప్రొఫైల్ పెట్టుకోండి, అందులో స్క్రిప్టులు ఆపకండి, ఆ పనులు తప్ప ఇంకేం చేయకండి. పేమెంట్ మధ్యలో కూర్చుని ఏ డొమైన్ ఎవరిదో తేల్చుకోవడం ఎవరి వల్లా కాదు.

తాళం బొమ్మ గురించి కూడా రెండు మాటలు. డొమైన్ పేరు పక్కన ఆకుపచ్చ తాళమో ఎర్ర తాళమో ఉంటుంది. అందరూ దీన్ని సైట్ సేఫా కాదా అని చూపించే గుర్తు అనుకుంటారు, బ్రౌజర్ అడ్రస్ బార్‌లో తాళం చూసిన అలవాటు కదా. ఇక్కడ అది నొక్కే బటన్. ఆకుపచ్చ అంటే హెచ్‌టీటీపీఎస్ మీద వచ్చినప్పుడు మాత్రమే ఈ అనుమతి చెల్లుతుంది, ఎర్రది అంటే ఎన్‌క్రిప్షన్ లేని మామూలు హెచ్‌టీటీపీ మీద వచ్చినా చెల్లుతుంది. ఆకుపచ్చలోనే ఉంచండి, వేలు తగిలి ఎర్రగా మారితే వెనక్కి మార్చండి.

ఇంకో ఉచ్చు ఆప్షన్స్‌లో ఉంది. జనరల్ ట్యాబ్‌లో ట్రస్టెడ్ నొక్కి దాని టిక్కులు మారిస్తే అది ఇప్పటిదాకా మీరు ట్రస్టెడ్ చేసిన ప్రతి సైట్‌కీ వర్తిస్తుంది, ఇకమీదట చేయబోయేవాటికి కూడా. అన్‌ట్రస్టెడ్‌కి పొరపాటున స్క్రిప్ట్ టిక్కు పెడితే మీరు బ్లాక్ చేశాననుకున్న ట్రాకర్లన్నీ లేచి కూర్చుంటాయి. కస్టమ్‌లో కనిపించే టిక్కులూ ఇవీ చూడ్డానికి ఒకటే, అక్కడ మారిస్తే ఒక్క డొమైన్‌కి, ఇక్కడ మారిస్తే గుంపు మొత్తానికి. కనీసం మార్చేటప్పుడు ఇన్ని సైట్లకి వర్తిస్తుంది, సరేనా అని ఒక ప్రశ్న అడిగితే బాగుండేది.

ఇన్‌స్టాల్ చేయగానే లిస్టు ఖాళీగా ఉండదన్నది కూడా చాలామందికి తెలియదు. పర్ సైట్ పర్మిషన్స్ ట్యాబ్ తెరిస్తే గూగుల్, యూట్యూబ్, పేపాల్ లాంటివి ముందే ట్రస్టెడ్‌లో ఉంటాయి. కొత్తవాళ్ళు మొదటి రోజే విసిగిపోయి తీసేయకూడదని అలా పెట్టారు, కారణం నాకు అర్థమైంది, కాదనను. కానీ పైన చెప్పిన విషయం గుర్తు తెచ్చుకోండి, ట్రస్టెడ్ అంటే అన్ని చోట్లా. మీకు అక్కర్లేని పేర్లు ఉంటే వాటిని డిఫాల్ట్‌కి మార్చేయండి, ఏం పాడవదు.

ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్‌తో పోల్చమని ఎవరైనా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. అందులో అడ్వాన్స్‌డ్ మోడ్ ఆన్ చేస్తే డొమైన్ల పక్కన రెండు నిలువు వరసలు వస్తాయి, ఒకటి అన్ని సైట్లకి, ఇంకోటి ఈ సైట్‌కి మాత్రమే. ఎక్కడ నొక్కుతున్నామో కళ్ళముందే ఉంటుంది, పైగా మార్చినది తాళం నొక్కి సేవ్ చేస్తేనే నిలుస్తుంది, లేకపోతే తాత్కాలికమే. నేను నోస్క్రిప్ట్ నుంచి కోరుకునేది సరిగ్గా ఇదే. యూబ్లాక్ డెవలపర్‌దే యూమ్యాట్రిక్స్ అని ఇంకోటి ఉండేది, గళ్ళ పట్టికలా, అది ఇంకా స్పష్టంగా ఉండేది గానీ 2020లో దాని అభివృద్ధి ఆపేశారు. అలా అని యూబ్లాక్ పెట్టుకుంటే నోస్క్రిప్ట్ అక్కర్లేదా అంటే, క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ దాడిని (నమ్మిన సైట్‌లోకి వేరేవాళ్ళ చెడ్డ స్క్రిప్ట్‌ని చొప్పించడం) పసిగట్టి ఆపడం, ఇందాక చెప్పిన ల్యాన్ కాపలా, ఒక డొమైన్‌కి ఫాంట్ ఇచ్చి వెబ్‌జీఎల్ ఇవ్వకపోవడం లాంటి సన్నటి అదుపు, వీటిలో నోస్క్రిప్ట్‌దే పైచేయి అని నా నమ్మకం.

టోర్ బ్రౌజర్ వాడేవాళ్ళు మాత్రం ఇవేవీ ముట్టుకోకండి. అక్కడ సెక్యూరిటీ లెవెల్ అని స్టాండర్డ్, సేఫర్, సేఫెస్ట్ మూడు ఉంటాయి, వెనక నోస్క్రిప్ట్‌ని నడిపేది అదే. ఒక్కో సైట్‌కి మీరు సొంతంగా మార్చుకుంటూ పోతే మీ బ్రౌజర్ అందరిలా కాకుండా వేరుగా కనపడుతుంది, టోర్ వాడే ఉద్దేశమే పోతుంది.

రేటింగ్ అంటే కాపలాకి 5కి 5, పర్మిషన్ల స్క్రీన్‌కి 5కి 2. పాపప్‌లో ట్రస్టెడ్ పక్కనే ఈ సైట్‌లో మాత్రమే అనే బటన్ ఒకటి పెట్టి, టిక్కులకి వివరణ రాసి, ఆంక్షలు మొత్తం తీసేసే బటన్‌ని దూరంగా పెడితే ఆ రెండుని నాలుగు చేయడానికి నాకు అభ్యంతరం లేదు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో కూడా వస్తుంది ఇది, పని చేస్తుంది, కానీ ఫోన్ స్క్రీన్ మీద ఆ చిన్న బొమ్మలు నొక్కడం ఇబ్బందే, ఒకటి నొక్కబోతే పక్కది నొక్కుకుంటుంది, కాబట్టి ముందు కంప్యూటర్‌లో అలవాటు చేసుకుని తర్వాత ఫోన్‌కి వెళ్ళండి. ఆప్షన్స్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంది, మీ అనుమతులన్నీ ఒక ఫైల్‌గా ఇస్తుంది, దాన్నే ఫోన్‌లో ఇంపోర్ట్ చేసుకోవచ్చు. స్థాయిల టిక్కులు మార్చే ముందు కూడా ఒక కాపీ తీసి పెట్టుకోండి, ఎందుకంటే రీసెట్ నొక్కితే మీరు ఇన్నాళ్ళు పెట్టుకున్న సైట్ల లిస్టు కూడా పోతుంది.